పదో తరగతి అయిపోయింది, పనికి పోతానంటున్నాడు: ఒంటి బరువు చెడకుండా వేసవి పని చూసుకోవడం ఎలా?

మా పెద్దోడు పదో తరగతి రాసిన వేసవిలో నెల్లూరులోనే ఒక బేకరీలో పనికి కుదిరాడు. నాకు చిన్న స్టేషనరీ షాపు ఉంది, నా దగ్గరే ఉండరా అంటే "నీ దగ్గరైతే జీతం ఇయ్యవు నాయనా" అన్నాడు, అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి ఊరుకున్నా. రోజంతా నిలబడే పని, ఒళ్లు కాస్త వంగుతుంది, మంచం మీద ఫోన్ పట్టుకుని పొర్లడం తప్పుతుంది అని వాళ్లమ్మా నేనూ సంతోషపడ్డాం. ఆరు వారాలయ్యాక కాలేజీ ప్యాంట్లకు కొలతలిద్దామని పోతే టైలరు టేపు చూసి నవ్వాడు. వాడు నాలుగు కిలోలు పెరిగాడు.

ఆ మరుసటేడాది కనిగిరి నుంచి మా చెల్లెలి కూతురు ఒంగోలు వచ్చి నెలన్నర బట్టల షాపులో చేసింది. ఆ పిల్లది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. మూడు కిలోలు తగ్గి, కళ్లు తిరుగుతున్నాయని ఇంటికొచ్చింది. పొద్దున టిఫిన్ చేయకుండా బస్సెక్కేది, మధ్యాహ్నం జనం ఎక్కువుంటే అన్నం సంగతి మర్చిపోయేది.

ఇద్దరిదీ నిలబడే పనే, ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు. ఒకరు లావయ్యారు, ఒకరు చిక్కిపోయారు. అప్పట్నుంచి నా షాపులో సెలవులకు చేరే పిల్లల్ని కూడా గమనిస్తున్నా. పనిలో ఎంత కష్టపడ్డారనే దానికన్నా ఎన్నింటికి లేచారు, ఎట్టా పోయారు, చేతికందే దూరంలో ఏం తిండి ఉంది, ఎన్నింటికి పడుకున్నారు అనేవే బరువును అటో ఇటో తిప్పుతున్నాయి. అందుకే ఈ వరసలో చెప్తున్నా.

ముందు ఒక తాడు తీసుకోండి

పనికి పంపే ముందు రోజు పిల్లాడి ఎత్తుకు సరిగ్గా సరిపోయే తాడు ముక్క కోయండి, దాన్ని సగానికి మడిచి నడుం చుట్టూ, బొడ్డుకు కాస్త పైన, గాలి వదిలి మామూలుగా నిలబడ్డప్పుడు చుట్టి చూడండి. అందిందంటే బాగున్నట్టు, అందలేదంటే పొట్ట దగ్గర కొవ్వు చేరుతోందని అర్థం. 164 సెంటీమీటర్ల పిల్లాడి నడుం 82 లోపు ఉండాలన్నమాట. మిషన్ అక్కర్లేదు, లెక్కలక్కర్లేదు, తాడు అలమరలో దాచుకుంటే చివర్లో మళ్లీ పనికొస్తుంది.

బరువు కూడా ఒకసారి తూచండి, కానీ దాన్ని పెద్దవాళ్ల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క) పట్టికతో పోల్చి గోల చేయకండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు వయసును బట్టీ, ఆడ మగ తేడాను బట్టీ గీతలు మారతాయి. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం, అదే ఐఏపీ, 2015లో ఇచ్చిన చార్టుల్లో పెద్దవాళ్లలో అధిక బరువని చెప్పే బీఎంఐ 23కీ, ఊబకాయమని చెప్పే 27కీ సరిపోయే గీతలు విడిగా గీసి ఉంటాయి. పిల్లల డాక్టర్ని అడిగితే రెండు నిమిషాల్లో చూసి చెప్తారు. ఇంకో సంగతి, బాగా ఎదిగే ఏడాదిలో మగపిల్లలు సుమారు 9 సెంటీమీటర్లు సాగుతారు, ఆడపిల్లలకు అది కాస్త ముందే వస్తుంది, కాస్త తక్కువ ఉంటుంది. ఎత్తు పెరిగితే బరువూ పెరుగుతుంది, పెరగాలి కూడా. అందుకే కిలోలు ఒక్కటే చూస్తే మోసపోతారు.

తాడు చుట్టేటప్పుడు "పొట్టేసుకున్నావు", "బానలాగా ఉన్నావు" లాంటివి నోట్లోంచి రాకూడదు. ఆ మాట అన్నాక పిల్లలు తిండి మానరు, మన కంటపడకుండా తింటారు. మా ఇంట్లో ఆ తప్పు చేసింది నేనే.

సెలవుల్లో అసలేం జరుగుతుంది

అమెరికాలో కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి దాకా వేల మంది పిల్లల్ని 2010 నుంచి 2013 వరకు గమనిస్తే, లావు పెరగడమంతా వేసవి సెలవుల్లోనే జరిగింది, బడి నడిచే నెలల్లో కాదు. వాళ్లు చిన్నపిల్లలు, మనం మాట్లాడేది టీనేజర్ల గురించి, పైగా ఆ దేశం వేరు, కాబట్టి అంకెలు ఇక్కడికి మోసుకురాను. కారణం మాత్రం మన ఇళ్లలో కూడా కనపడేదే. బడి ఉన్నప్పుడు లేవడానికో టైము, అన్నానికో గంట, ఆటలకో పీరియడ్ ఉంటాయి. సెలవులొస్తే తొమ్మిదిన్నరకు లేవడం, టిఫినూ భోజనమూ కలిపి ఒకటే, సాయంత్రం బజ్జీలు, రాత్రి ఐపీఎల్ ముందు మళ్లీ ఒక దఫా. మన దగ్గర ఎండ వల్ల పన్నెండు నుంచి ఐదు దాకా గడప దాటే పనే లేదు.

పని దొరికితే పోయిన ఆ టైమింగ్ తిరిగొస్తుంది. బరువు విషయంలో వేసవి పని చేసే అసలు మేలు ఇదే.

వయసు, గంటలు: ఇక్కడ మొహమాటం వద్దు

పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని బయట పనిలో పెట్టకూడదు. ప్రమాదం లేని సొంత ఇంటి వ్యాపారంలోనో పొలంలోనో, చదువు చెడకుండా సెలవుల్లో సాయం చేయొచ్చు, అంతవరకే. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య వాళ్లను గనుల్లో, మంటలంటుకునే సరుకు, పేలుడు సామాను ఉన్నచోట, ప్రమాదకరమైన ప్రాసెసింగ్‌లో పెట్టకూడదు. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు ఇది చేరింది. కాబట్టి చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీ అయితే ఆలోచించే పనే లేదు. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బేరన్ దగ్గర పనికి కూడా నేనైతే పంపను, పచ్చాకు తడి చర్మానికి తగిలితే నికోటిన్ ఒంట్లోకి ఎక్కుతుంది, వాంతులూ తల తిరగడమూ పెద్దవాళ్లకే తప్పవు.

గంటల లెక్క చాలామందికి తెలియదు. విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు దాటకూడదు, మూడు గంటలు చేశాక కనీసం గంట విశ్రాంతి, వారానికి ఒక పూర్తి రోజు సెలవు, ఓవర్‌టైమ్ లేదు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది వరకు పని అసలే లేదు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు అని విడగొట్టి లెక్క సరిపెట్టడం కూడా కుదరదు, మొత్తం ఆరు గంటల లోపలే ముగియాలి. ఎనిమిదింటికి మొదలైతే రెండింటికి ఇంటికి.

ఈ లెక్కన మన చిన్నప్పటి నుంచి చూసిన పేపర్ వేసే పని కూడా పనికిరాదు, తెల్లవారుజామున ఐదింటికి కదా అది. సైకిల్ తొక్కుడు పరంగా అంతకన్నా మంచి పని లేదు, నాకూ మనసొప్పలేదు, కానీ రూలు రూలే. ఎవరైనా పిల్లల్ని రాత్రి పొద్దుపోయేదాకా కదలనివ్వకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.

పని ఎంచుకోవడం

ఇక్కడే అందరం తప్పు చేస్తాం. జీతం అడుగుతాం, ఇంటికెంత దూరమో అడుగుతాం. పని మధ్యలో ఆకలేస్తే వాడి చేతికి ఏం దొరుకుతుందో అడగం.

మావాడి బేకరీ లెక్క తర్వాత కూర్చుని వేశాను. రోజుకు రెండు ఎగ్ పఫ్‌లు, ఒక కూల్‌డ్రింకు, యజమాని మంచివాడు కాబట్టి ఉచితం. ఒక పఫ్ సైజును బట్టి 250 నుంచి 300 కేలరీలు. పావు లీటరు కూల్‌డ్రింకులో 26 గ్రాముల పైచిలుకు చక్కెర, అంటే ఐదు చెంచాలు, మరో వంద కేలరీలు. మొత్తం రోజుకు 700 దాకా. కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 కేలరీలు మిగలాలంటారు, అంటే పదకొండు రోజులకొక కిలో. ఆరు వారాలకు నాలుగు. టైలరు నవ్విన నవ్వు సరిగ్గా లెక్కకొచ్చింది.

నిలబడ్డాడు కదా, అదేమైంది అంటారా? 55 కిలోల పిల్లాడు గంటసేపు కుర్చీలో కూర్చుంటే సుమారు 70 కేలరీలు, కౌంటర్ వెనక నిలబడితే 100, మామూలుగా నడిస్తే 180 నుంచి 200, సైకిల్ తొక్కితే 250 పైన. నిలబడటం వల్ల కాళ్లు లాగుతాయి, నడుం పట్టేస్తుంది, ఖర్చయ్యేది మాత్రం గంటకు ముప్పై కేలరీలు ఎక్కువ. కష్టపడ్డానన్న భావన మాత్రం మెండుగా వస్తుంది, ఆ భావనతోనే ఇంకో పఫ్ తింటారు.

అందుకని కదిలే పని చూడండి. మొక్కల నర్సరీలో కుండీలు మార్చడం, నీళ్లు పెట్టడం, నీడ ఉంటే భేషైన పని. పుస్తకాల షాపులో మే ఆఖరు నుంచి జూన్ మొత్తం ఊపిరాడదు, ర్యాకు నుంచి కౌంటర్‌కు, కౌంటర్ నుంచి గోడౌన్‌కు తిరుగుతూనే ఉంటారు. నా షాపులో చేరే పిల్లలు మొదటి వారం కాళ్లనొప్పులంటారు, రెండో వారం నుంచి రాత్రి తొమ్మిదిన్నరకే నిద్రొస్తోందంటారు. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్‌లో కాయలు ఏరి సైజులు వేరుచేసే పని కూర్చుని చేసేదే అయినా నోటికందే తినుబండారం పక్కన ఉండదు, పైగా పొద్దునే ఎక్కువ సందడి, వేళ మాత్రం మాట్లాడుకోండి. చిన్నపిల్లలకు ఈతో, షటిలో నేర్పేచోట సాయంగా ఉండే పని దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి.

మొబైల్ షాపు, ఇంటర్నెట్ సెంటర్, టైపింగ్... కూర్చునే పనులు. చెడ్డవని కాదు, పని నేర్చుకోవడానికి మంచివే, కాకపోతే సాయంత్రం గంట ఆట తప్పనిసరి అని మొదటిరోజే మాట తీసుకోండి. ఐదు నుంచి పదిహేడేళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు చెమటపట్టే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది.

పెళ్లిళ్ల క్యాటరింగ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటర్ కుర్రాళ్లకు మొదట దొరికే పని అదే. ఒక్క రాత్రికి చేతిలో డబ్బులు పడతాయి, ఫ్రెండ్సంతా ఉంటారు, సరదా. కానీ వడ్డన అయ్యేసరికి పదకొండు, ఆ తర్వాత మిగిలిన బిర్యానీ, మలై కాజాలు, ఐస్‌క్రీమ్ మీద పడతారు, పన్నెండున్నరకు ఇల్లు, మర్నాడు పదకొండుకు లేవడం. ఏడు దాటాక పని చేయించకూడదన్న రూలు ఇక్కడ మొదటే పోయింది. మధ్యాహ్నం ఫంక్షన్లకైతే ఒకటీ అరా పోనివ్వండి.

ఆడపిల్లల్ని పంపేటప్పుడు బాత్‌రూమ్ ఉందా, అది తాళం వేసి ఉంటుందా తెరిచి ఉంటుందా, మీరే పోయి కళ్లారా చూడండి. మా చెల్లెలి కూతురు నీళ్లు తాగడం మానేసింది ఇందుకే. నీళ్లు తాగకపోతే తలనొప్పి, తలనొప్పొస్తే అన్నం సయించదు. కూర్చోవడానికి స్టూలు ఉందో లేదో కూడా చూడండి. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టమే చేశాయి, మనం కనీసం నోరు తెరిచి అడుగుదాం.

పోయే దారి

ఆరు గంటల పనిలో రాని వ్యాయామాన్ని రానూపోనూ అరగంట సైకిల్ తెచ్చిపెడుతుంది. నాలుగు కిలోమీటర్ల లోపైతే సైకిలే. స్కూటీ ఇవ్వనని గట్టిగా చెప్పండి. గేర్లున్నా లేకున్నా ఇప్పుడు దొరికే పెట్రోలు బండ్లకు పద్దెనిమిదేళ్లు నిండాలి, మైనర్ పట్టుబడితే బండి ఇచ్చిన తండ్రికి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని 2019 నుంచి రూలుంది. "ఎండలో సైకిలేంది నాయనా" అంటాడు. పొద్దున ఏడున్నరకు అంత ఎండ ఉండదు. మధ్యాహ్నం రెండింటికి తిరుగు ప్రయాణం మాత్రం సైకిల్ మీద వద్దు, షేర్ ఆటోలో రమ్మనండి, లేదా నీడపట్టున ఉండి ఎండ తగ్గాక రమ్మనండి. మావాడు రెండో ఏడాది నుంచి సైకిల్‌ని షాపులోనే పెట్టి ఆటోలో వచ్చేసేవాడు, సాయంత్రం ఆరింటికి నడుచుకుంటూ పోయి తెచ్చుకునేవాడు. ఆ నడక వాడే కనిపెట్టాడు, మేము చెప్పలేదు.

క్యారేజీ

పొద్దున ఖాళీ కడుపుతో పంపొద్దు. నాకు తెలిసి చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ ముక్క, పక్కన ఒక ఉడికించిన గుడ్డు ఉంటే పదకొండు దాకా ఆకలి మాటెత్తరు. ప్రకాశం వైపు రాగి సంకటి తినే ఇళ్లలో ఇంకా మంచిది, పొద్దున రాగి అంబలి గ్లాసుడు పోయండి చాలు. ఇడ్లీలైతే నాలుగు తిన్నా తొమ్మిదిన్నరకు మళ్లీ కడుపు కాలుతుంది, పల్లీ చట్నీ దండిగా వేసుకోమనండి.

మధ్యాహ్నం క్యారేజీలో మనం చేసే పొరపాటు, కింది గిన్నె నిండా అన్నం కుక్కి పైన రెండు చెంచాల కూర పెట్టడం. అన్నం కాస్త తగ్గించి పప్పో, గుడ్డో, ముందురోజు చేపల పులుసులో రెండు ముక్కలో పెంచండి. (మే నెల ఎండకు పులుసు పన్నెండింటికే తేడా వస్తుందంటే చేప వేపుడు పెట్టండి, నూనె పర్లేదు.) ఎదిగే వయసు కదా, అన్నం మాన్పించి చిక్కించాలని చూడటం మాత్రం మూర్ఖత్వం. చిక్కిపోయిన పిల్లలైతే మామూలు అన్నానికి తోడు నెయ్యి, అరటిపండు, వేరుశనగ ఉండ కలపండి.

పని మధ్యలో వేసే ఆ ఆకలి కోసం ఒక చిన్న డబ్బా విడిగా కట్టండి. ఉడికించిన శనగలు, జామకాయ, వేయించిన పల్లీలు, ఏది తింటే అది. ఆ డబ్బా ఉన్నరోజు పఫ్ ఒకటి తగ్గుతుంది, లేనిరోజు రెండు. పూర్తిగా వద్దనలేం, బేకరీలో పనిచేస్తూ పఫ్ తినొద్దంటే వాడేం సన్యాసి కాదు. మావాడికి శనివారం ఒకటి అని ఒప్పందం.

ఆడపిల్లల విషయంలో రక్తం సంగతి మర్చిపోవద్దు. మన దేశంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల అమ్మాయిల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. బళ్లో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర సెలవుల్లో ఆగిపోతే ఆశా కార్యకర్తనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో అడగండి. ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే పని ఆపి ముందు హిమోగ్లోబిన్ చూపించండి. మా మేనకోడలికి తేలింది కూడా రక్తహీనతే.

ఎండ, నీళ్లు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మే ఆఖరి వారం నుంచి మన దగ్గర అది సామెతలా ఉండదు. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, కాబట్టి మొదటి వారం రెండు మూడు గంటలతో మొదలుపెట్టించండి, పదకొండు నుంచి నాలుగు మధ్య బయట తిరిగే పని వద్దే వద్దు. లీటరు సీసాలు రెండు ఇంటి నుంచే ఇవ్వండి. ఒకదాంట్లో ఉప్పేసిన పల్చటి మజ్జిగ. ముంజలు, సబ్జా నీళ్లు బాగుంటాయి, సబ్జాలో చక్కెర పోయకుండా ఉంటే.

ఒక మోసం గమనించండి. తియ్యటి పళ్లరసం డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మేవాళ్లు, అలా రాయొద్దని దేశంలో తిండి నాణ్యత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. అసలు ఓఆర్‌ఎస్ అంటే లీటరు నీళ్లలో కలుపుకునే పొడి ప్యాకెట్, అది కూడా విరేచనాలో వడదెబ్బ లక్షణాలో ఉన్నప్పుడు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే ఇంటి వైద్యాలు మాని నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డలతో ఒళ్లంతా తుడుస్తూ 108కి ఫోన్ చేయండి.

నిద్ర

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. పొద్దున ఆరున్నరకు లేవాలంటే పదింటికల్లా పడుకోవాలి, మ్యాచ్ చూస్తే పదకొండున్నర. నిద్ర తగ్గినరోజు ఆకలి ఎక్కువ, అదీ తియ్యటివాటి మీదే. మా ఇంట్లో మేడ మీద పడక వేసి ఫోన్లన్నీ కింద ఫ్రిజ్ మీద పెట్టడం మొదలెట్టాం, నా ఫోన్‌తో సహా. మొదటి నాలుగు రోజులు ఇల్లు రణరంగం.

మొదటి జీతం

ఫ్రెండ్స్‌తో బిర్యానీ తింటాడు, తిననివ్వండి, మనమూ తిన్నాం. ఆ తర్వాత రోజూ సాయంత్రం జేబులో డబ్బులుండటమే చిక్కు. పదేళ్లు దాటిన పిల్లలు పోస్టాఫీసులో సొంత పేరుతో ఖాతా తెరవొచ్చు, ఐదొందలతో. ఏదో ఒకటి కొనుక్కోవాలన్న లక్ష్యం వాడిదే అయి ఉండాలి. మావాడు షటిల్ రాకెట్ అన్నాడు, నేను కాలిక్యులేటర్ అన్నాను, రాకెట్టే కొన్నాడు.

మధ్యలోనూ, చివర్లోనూ

రెండు వారాలకోసారి ఒకే వేళకు, పొద్దున్నే తూచండి, రోజూ వద్దు. నెలలో రెండు కిలోలు అటు పెరిగినా ఇటు తగ్గినా, తాడు పక్కన పెట్టి, రోజు ఎట్టా గడుస్తోందో పిల్లాణ్నే చెప్పమనండి, మధ్యలో మీరు మాట్లాడకుండా వినండి. తిండి మానేస్తున్నాడనో, దాచుకుని తింటున్నాడనో అనిపిస్తే డాక్టరు దగ్గరికి.

అసలు గండం జూన్‌లో ఉంది. ఇంటర్ కాలేజీ మొదలైతే పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, హాస్టలైతే ఇంకా చెప్పక్కర్లేదు, ఆడుకోవడానికి చోటే ఉండదు. వేసవంతా సంపాదించుకున్న సైకిల్ అలవాటు నెలలో పోతుంది. చేర్చే ముందే సాయంత్రం గంట బయటికి వదులుతారా అని అడిగి చేర్చండి, ఫీజు బేరం ఆడేటప్పుడే ఇది కూడా ఆడండి. మావాడికి ఒకచోట కుదరదన్నారు, ఇంకోచోట నలభై నిమిషాలన్నారు, అక్కడ చేర్చాం.

రెండో వేసవి పుస్తకాల షాపులో చేశాడు. పని మానేసిన మర్నాడు అలమరలోంచి పాత తాడు తీస్తే వాడికే పొట్టిదైపోయింది, ఎత్తు మూడు వేళ్లు పెరిగాడు. కొత్త తాడు కోసి చుట్టి చూస్తే రెండు కొసలూ కలిశాయి, ముడేసుకునేంత మిగల్లేదు గానీ.